చాప మీద గంట, కంచం ముందు మూడు శ్వాసలు



జూన్ నెల వచ్చిందంటే మనలో చాలామందికి యోగా గుర్తొస్తుంది. 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుపుకుంటున్నాం. 2025లో అయితే విశాఖపట్నంలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. అదే ఊపులో ఎందరో యోగా తరగతుల్లో చేరారు. ఎందుకు చేరారమ్మా అని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. "కాస్త ఒళ్ళు తగ్గుదామనండీ."

తగ్గుతుందా? యోగా చేస్తే బరువు తగ్గుతామా? ఈ పూట దీని గురించే మాట్లాడుకుందాం.

జవాబు ముందే చెప్పేస్తాను. యోగా ఒక్కటే చేస్తూ, తిండి ఎప్పటిలాగే తింటూ ఉంటే బరువు పెద్దగా తగ్గదు. చాప మీద నేర్చుకున్నదాన్ని కంచం ముందు వాడితే తగ్గుతుంది. మరోసారి చెప్తున్నాను. చాప మీద నేర్చుకున్నదాన్ని కంచం ముందు వాడాలి. ఎలా వాడాలో కాసేపట్లో చెప్తాను. ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. భయపడకండి, కాగితం కలం అక్కర్లేదు.

డెబ్బై కిలోల మనిషిని తీసుకుందాం. ఊరికే కుర్చీలో కూర్చున్నా ఆ మనిషి ఒంట్లో గంటకు సుమారు 90 క్యాలరీలు ఖర్చవుతాయి. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. ఆ ఖర్చు వీటికే. అదే మనిషి గంటసేపు మామూలు ఆసనాలు వేస్తే సుమారు 175 క్యాలరీలు ఖర్చవుతాయి. అంటే కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయింది 85 మాత్రమే. అదే గంట చురుగ్గా నడిస్తే మొత్తం ఖర్చు 300 దాకా వెళ్తుంది.

ఇప్పుడు వంటింట్లోకి రండి. ఉప్మాకి పోపు వేస్తున్నారు. మూకుడు వేడెక్కింది. నూనె ప్యాకెట్ మూల కత్తిరించి వంచుతాం. ఆవాలు చిటపటలాడేలోపు ఎంత నూనె పడిందో ఎవరూ చూడరు. ఒక టీస్పూను నూనెలో దాదాపు 40 క్యాలరీలు ఉంటాయి. ఆ వంచడంలో రెండు టీస్పూన్లు ఎక్కువ పడి, అది మీ కంచంలోకే వచ్చిందనుకోండి. పొద్దున గంటసేపు చేసిన యోగాకు అదనంగా ఖర్చయింది దాదాపు మొత్తం అక్కడితో చెల్లు.

మన ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు కావాలి. రోజుకు 85 చొప్పున నెలంతా కూడినా రెండున్నర వేలు. అంటే కిలోలో మూడో వంతు. అదీ ఒక్క పూట మానకుండా చేస్తేనే. తిండి ఒక్క ముద్ద కూడా పెరగకపోతేనే.

కానీ పెరుగుతుంది. పార్కులో యోగా తరగతి అయ్యాక గేటు బయట చూడండి. టిఫిన్ బండి ఉంటుంది. రెండు ఇడ్లీలు చాలనుకుని వెళ్తాం. అప్పుడే వాయి దిగిన వడలు జల్లిగంటెలో నూనె ఓడుతూ కనిపిస్తాయి. "ఎలాగూ గంటసేపు యోగా చేశాం కదా, ఒక్కటి తింటే ఏమవుతుందిలే" అనుకుంటాం. ఆ ఒక్క వడతో గంట కష్టం పోతుంది. తినకూడదని కాదు నేను చెప్పేది. యోగా చేశాం కదా అని తినడం దగ్గరే లెక్క తప్పుతోందని చెప్తున్నాను.

వేగంగా చేసే సూర్యనమస్కారాల సంగతేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాటికి మామూలు ఆసనాల కంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఆగకుండా, ఊపిరి కాస్త ఎగపోసేంత వేగంతో చేస్తే చురుగ్గా నడిచినంత ఖర్చు కావచ్చు. కానీ మోకాళ్ళ నొప్పులున్నవారు, యాభై దాటినవారు, ఇన్నాళ్ళూ ఒళ్ళు వంచనివారు అంత వేగంతో గంటసేపు చేయలేరు. చేయబోకండి కూడా.

ఇంకొందరు వేడి గదుల్లో చెమటలు కక్కుతూ యోగా చేసి, తూకం వేసుకుని, కిలో తగ్గామని సంబరపడుతున్నారు. అలా పోయింది నీరు. నాలుగు గ్లాసుల మంచినీళ్ళు తాగితే తిరిగి వచ్చేస్తుంది. కపాలభాతి చేస్తే పొట్ట కొవ్వు కరిగిపోతుందన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. పొట్ట కండరాలను కదిలించినంత మాత్రాన అక్కడి కొవ్వే ఏరికోరి కరగదు. ఒళ్ళు తనకు అవసరమైనప్పుడు అన్ని చోట్ల నుంచీ కొవ్వు తీసి వాడుకుంటుంది. ఇక్కడిది తియ్యి, అక్కడిది ఉంచు అని మనం దానికి చెప్పలేం.

మరి ఇంత చెప్పాక, యోగా దండగా? ముమ్మాటికీ కాదు. అసలు విషయం ఇప్పుడే మొదలవుతోంది. జాగ్రత్తగా వినండి.

అమెరికాలో సియాటిల్ నగరంలోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంవారు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. 53 నుంచి 57 ఏళ్ళ మధ్య వయసున్న 15,500 మందిని అడిగి తెలుసుకున్న వివరాలవి. 45వ ఏట మీ బరువెంత, 55వ ఏటికి ఎంతైంది అని అడిగారు. ఆ పదేళ్ళలో అధిక బరువున్నవారి సంగతి చూడండి. యోగా చేయనివారు సగటున ఆరు కిలోలు పెరిగారు. నాలుగేళ్ళకు తగ్గకుండా క్రమంగా యోగా చేసినవారు రెండు కిలోలకు పైగా తగ్గారు. పదేళ్ళలో ఎనిమిది కిలోల తేడా! నడివయసులో ఇది చిన్న విషయం కాదు.

ఇది జనం తమ గురించి తాము చెప్పుకున్న వివరాలతో చేసిన అధ్యయనం. యోగా చేసేవారికి మొదటి నుంచీ ఒంటిమీద శ్రద్ధ ఎక్కువై ఉండవచ్చు. ఆ మాటా గుర్తుంచుకుందాం. అయినా ఈ అధ్యయనానికి నాయకత్వం వహించిన పరిశోధకుడు అలాన్ క్రిస్టల్ చెప్పిన కారణం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఎక్కువమంది చేసే యోగాకు పెద్దగా క్యాలరీలు ఖర్చు కావని ఆయనే ఒప్పుకున్నారు. యోగా మనిషికి తన ఒంటి సంగతి తనకు తెలిసేలా చేస్తుందని, కడుపు నిండిందన్న కబురు అందుతుందని ఆయన అభిప్రాయం. ఆ కబురు అందినవాడు ఆగుతాడు. అందనివాడు తింటూనే ఉంటాడు.

2016లో జర్మనీ పరిశోధకులు అప్పటిదాకా యోగా మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూశారు. మొత్తం మీద బరువులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అధిక బరువు, ఊబకాయం ఉన్నవారిని విడిగా చూస్తే మాత్రం, ఎత్తుకూ బరువుకూ ఉండే లెక్క, మనం బీఎంఐ అంటున్నామే, అది కొంత తగ్గింది. అదే ఏడాది అక్కడే నడుం దగ్గర కొవ్వు ఎక్కువగా ఉన్న 60 మంది స్త్రీలతో మరో ప్రయోగం జరిగింది. కొందరికి 12 వారాలపాటు యోగా నేర్పారు. వారి నడుం చుట్టుకొలత, యోగా చేయనివారితో పోలిస్తే, దాదాపు నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. కాబట్టి యోగా మొదలుపెట్టినవారు తూకం యంత్రాన్ని మాత్రమే నమ్ముకోకండి. దర్జీ వాడే టేపు ఒకటి తీసుకుని నడుం కొలుచుకోండి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు చెప్తారు.

యోగాకూ తిండికీ ఉన్న ఈ సంబంధాన్ని మన పాత యోగ గ్రంథాలు ఎప్పుడో చెప్పాయి. పదిహేనో శతాబ్దానికి చెందిన హఠయోగ ప్రదీపిక ఉంది. స్వాత్మారాముడు రాసినది. ఒక్క ఆసనాన్నీ వర్ణించకముందే ఆయన యోగాన్ని చెడగొట్టే ఆరింటిని చెప్తాడు. వాటిలో మొట్టమొదటిది అతిగా తినడం! మితాహారం గురించి చెప్తూ, కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచమంటాడు. భగవద్గీత ఆరో అధ్యాయమూ అంతే. అతిగా తినేవారికి యోగం కుదరదు, బొత్తిగా తిననివారికీ కుదరదు అంటుంది. వారం రోజులు పస్తులుండి పది కిలోలు తగ్గుదామనుకునే మన పిల్లలు ఆ రెండో మాట వినాలి.

అంటే ఏమిటి? యోగాలో తిండి ఒక భాగం. మనం ఆసనాలను తీసుకుని, తిండి సంగతి వదిలేశాం. అందుకే ఫలితం రావడం లేదు.

ఇక చేయవలసినది. ఒక్కటంటే ఒక్క పని చెప్తాను. యోగా తరగతిలో మీకు మొదటిరోజే నేర్పేది నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం. దాన్ని భోజనం దగ్గరికి తెచ్చుకోండి. మారు వడ్డించుకునే ముందు మూడు శ్వాసలు తీసుకోండి. ఇదే ఆ పని. మారు వడ్డనకు ముందు మూడు శ్వాసలు.

ఎలాగంటారా? మొదట పెట్టుకున్నది తినేశారు. చెయ్యి గిన్నె వైపు వెళ్ళబోతోంది. ఆగండి. కుడిచెయ్యి కంచం అంచు మీద ఉంచండి. ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి. అరచేతి కింద పొట్ట పైకి లేవడం మీకు తెలియాలి. అంతకంటే నెమ్మదిగా వదలండి. ఇలా మూడుసార్లు. అర నిమిషం కూడా పట్టదు. అప్పుడు మిమ్మల్ని మీరు అడగండి. నాకింకా ఆకలిగా ఉందా? ఉంటే హాయిగా పెట్టుకు తినండి. లేకపోతే లేవండి.

ఇందులో ఏముందని తేలిగ్గా తీసుకోకండి. కడుపు నిండిన సంగతి మెదడుకు పూర్తిగా చేరడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. మనం పది నిమిషాల్లో భోజనం ముగిస్తున్నాం. టీవీలో సీరియల్ చూస్తూ, ఫోను తిప్పుతూ తింటున్నాం. కబురు వచ్చేసరికి కంచం రెండుసార్లు ఖాళీ అవుతోంది. ఆ కబురుకు కాస్త వ్యవధి ఇవ్వడమే మనం చేసేది.

మన తెలుగువారి భోజనానికి ఇది మరీ అవసరం. మనం అన్నం ఒక్కసారి పెట్టుకోం. పప్పులో కలుపుకుంటాం. కూరలో కలుపుకుంటాం. చారో, పులుసో పోసుకుని మళ్ళీ అన్నం పెట్టుకుంటాం. చివరికి పెరుగన్నం తినందే భోజనం అయినట్టే ఉండదు. ప్రతిసారీ "కొంచెమే" అనుకుంటాం. ఒక కప్పు అన్నంలో దాదాపు 200 క్యాలరీలు. నాలుగుసార్ల కొంచెం కలిస్తే మూడు కప్పులు దాటిపోవచ్చు. ఎప్పుడు దాటిందో తెలియదు, ఎందుకంటే కంచంలో ఏ ఒక్కసారీ ఎక్కువ కనిపించలేదు.

కాబట్టి చారన్నం అయ్యాక, పెరుగన్నానికి ముందు, ఆ మూడు శ్వాసలు తీసుకోండి. ఆకలి తీరిందనిపిస్తే ఆ పెరుగునే మజ్జిగ చేసుకుని తాగండి. అన్నం కలపకండి. పెరుగు మానక్కర్లేదు, ఆ చివరి కప్పు అన్నం మానితే చాలు. రోజుకు ఒక్క పూట అలా మానినా, గంట యోగాకు అదనంగా ఖర్చయ్యేదానికి రెట్టింపు మిగులుతుంది. పైగా మోకాళ్ళకు శ్రమ లేదు, జేబుకు ఖర్చు లేదు.

అయితే ఒక ప్రశ్న వస్తుంది. మూడు శ్వాసలే చాలినప్పుడు పొద్దున్నే గంటసేపు యోగా ఎందుకు?

ఎందుకంటే అలవాటు లేనివాడికి అన్నం ముందు ఆగడం చేతకాదు. ఆ ఆగడాన్ని నేర్పే చోటు యోగా చాప. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడ్డారనుకోండి. కాలు వణుకుతుంది. దింపేద్దామనిపిస్తుంది. మీరు దింపరు. నాలుగు శ్వాసలు నిలబడతారు. కోరిక పుట్టింది, దాని వెంట వెళ్ళలేదు. రోజూ పొద్దున చేసే ఈ సాధన ఉన్నవారికి సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి ముందు కాస్త నిబ్బరం వస్తుంది. నేను నమ్మే మాట ఇది. యోగావల్ల బరువు తగ్గిన మనుషులను చూడండి. వారిలో చాలామంది తమ తిండి ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేరు. "ఏమోనండీ, ఇదివరకటిలా తినబుద్ధి కావడం లేదు" అంటారు.

నిద్ర సంగతీ ఉంది. నిద్ర తక్కువైతే ఆకలిని పెంచే హార్మోను పెరుగుతుంది, తృప్తినిచ్చేది తగ్గుతుంది. రాత్రి ఒంటిగంట దాకా అమెరికా కాల్స్‌లో ఉండే మన సాఫ్ట్‌వేర్ పిల్లలను అడగండి. ఆ వేళప్పుడు వారికి కావలసింది దోసకాయ ముక్కలు కాదు, చిప్స్, బిర్యానీ. పడుకునే ముందు పది నిమిషాలు నెమ్మదిగా శ్వాస సాధన, శవాసనం చేస్తే నిద్ర తొందరగా పట్టేవారు చాలామందే. మనసు కలత పడినప్పుడు తిండి మీదికి వెళ్ళే అలవాటు ఉన్నవారికీ ఇది మేలు చేస్తుంది.

ఇంకొకటి మోకాళ్ళు, నడుము. లావుగా ఉన్నవారిని నడవమని చెప్పడం తేలిక. కీళ్ళు పట్టేసినవారు ఎలా నడుస్తారు? నెలా రెండు నెలలు నెమ్మదిగా ఆసనాలు వేస్తే కీళ్ళు కాస్త వదులవుతాయి. తొడ కండరాలకు బలం వస్తుంది. అప్పుడు నడవగలుగుతారు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడంలాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట. యోగాను నడకకు బదులుగా పెట్టుకోకండి. నడవడానికి ఒంటిని సిద్ధం చేసేదిగా పెట్టుకోండి.

ఈ అవసరం మనకు ఎంత ఉందో రెండు అంకెలు చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది స్త్రీలు, తెలంగాణలో నూటికి 30 మంది స్త్రీలు ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారు. వీరిలో ఎందరో ఇంటిల్లిపాదీ తిన్నాక, మిగిలింది పారేయడం ఇష్టం లేక తామే తినేవారు. అమ్మలారా, అన్నం పరబ్రహ్మమే. కాదనను. మిగిలిందాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్నే పులిహోర చేయండి. ఆకలి లేని కడుపులో మాత్రం వేయకండి. రేపు ఒక గిద్దెడు బియ్యం తక్కువ పోయండి.

కొన్ని జాగ్రత్తలు. గర్భిణులు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు కపాలభాతి చేయకూడదు. థైరాయిడ్‌కు, షుగరుకు, బీపీకి మందులు వాడుతున్నవారు ఎవరో చెప్పారని వాటిని మానేసి యోగా మీదే ఆధారపడకండి. మందులు తగ్గించవచ్చా లేదా అన్నది మీ డాక్టరుగారు చెప్పాలి. నెలకు పది కిలోలు తగ్గిస్తామని గోడల మీద రాతలు చూస్తుంటాం. వారానికి అర కిలో తగ్గితే అది చక్కని తగ్గుదల. అంతకంటే ఆశపెట్టే చోటికి వెళ్ళకండి.

యోగా చేస్తూ కూడా మూడు నెలలుగా బరువు తగ్గలేదని విసిగి మానేసినవారు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. మీరు మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి పొద్దున్న అరగంట చాలు. దానికి తోడు అరగంట నడవండి. నడుం కొలత ఈ రోజు తారీఖు వేసి గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. రాత్రి భోజనంలో, మారు వడ్డనకు ముందు మూడు శ్వాసలు తీసుకోండి. మూడు నెలల తర్వాత టేపు తీసి మళ్ళీ కొలవండి.

చివరిగా ఒక మనవి. ఇది తినేవారికి కాదు, వడ్డించేవారికి. మన ఇళ్ళల్లో చుట్టం వస్తే గరిటె పట్టుకుని వెనకే నిలబడతాం. "వదినా, ఇంకో గరిటె వేస్తాను." "వద్దమ్మా, చాలు." "అదేమిటి వదినా, ఏమీ తినలేదు మీరు" అంటూ చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ ఆవిడ కడుపు ఆవిడకు ఒక మాట చెప్పింది, ఆవిడ ఆ మాట విన్నది. దాన్ని మనం కాదనకూడదు. మీ ఇంట్లో, మీ పెళ్ళిళ్ళలో, మీ పంక్తిలో ఎవరైనా చాలన్నాక దయచేసి గరిటె వెనక్కి తీసుకోండి.